ఇన్‌స్పెక్టరు మెచ్చిన గోడ

ఇల్లు పోగొట్టింది ఆయన భార్యే. ఆయన మనసులో ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది, ఇంక దాని మీద వాదన లేదు. అద్దెల కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని బంట్రోతు పిలుపు కోసం ఎదురుచూస్తున్న ఈ గంటలో కూడా ఆయన కొత్తగా తేల్చుకోవాల్సిందేమీ లేదు. ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయిన మనిషి మీద మాట తూలకూడదని లోకం అంటుంది. లోకానికేం, అదేమైనా ఆ ఇంట్లో కాపురం చేసిందా? ఇంటాయన నోటీసు ఇచ్చాడంటే ఇవ్వక ఏం చేస్తాడు, సొంతిల్లు, ఆయన ఆశ ఆయనది. మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు గోడ బాగుందని రాశాడంటే బాగున్న గోడే చూశాడు కాబట్టి రాశాడు. ఎవరి పని వాళ్ళు చేశారు. చెయ్యకూడని పని చేసింది ఆవిడొక్కతే. కూర్చున్న బల్లకి ఒక కాలు పొట్టి. పక్కనున్న బావమరిది కదిలితే ఈ కొస లేస్తుంది, ఆయన కదిలితే ఆ కొస లేస్తుంది. బావమరిది అంటే ఆవిడ తమ్ముడే. బస్సు కండక్టరు ఉద్యోగం నుంచి దిగిపోయాడు గానీ గొంతు మాత్రం ఇంకా దిగలేదు, ఎక్కడ కూర్చున్నా బస్సులో ఉన్నట్టే మాట్లాడతాడు. "బావా, లోపలికెళ్ళేటప్పుడైనా ఆ మొహం కాస్త సర్దుకో. అది చూస్తే ఇద్దామనుకున్న ఇల్లు కూడా ఇవ్వరు," అన్నాడు. "మొహం చూసి ఇల్లిచ్చేట్టయితే నీకీపాటికి మేడ ఉండేది," అన్నాడాయన. బావమరిది పగలబడి నవ్వాడు. బల్ల ఊగింది. ఎదురు బల్ల మీద కూర్చున్న ఇంటాయన తలెత్తి చూసి, మళ్ళీ తన ఫోనులోకి వంగాడు.

లాయరమ్మ పొద్దున్నే విడమరిచి చెప్పింది. చిన్నపిల్ల. ఆయన్ని బాబాయ్ అంటుంది. మొదట్లో ఆయనకి అది నచ్చలేదు, ఫీజు పుచ్చుకునే మనిషికి వరసలెందుకని, కానీ ఆ పిల్ల చెప్పేది తిన్నగా చెప్తుంది. "బాబాయ్, గోడ బాగుందని ఇన్‌స్పెక్టరు రాసిన కాగితం వాళ్ళ చేతిలో ఉంది. ఆయన చూసినప్పుడు బాగున్న గోడ ఇవాళ పగిలి, పెచ్చులూడి, నాచు పట్టి ఉందంటే, ఆ తరవాత పాడుచేసింది మీరే అంటారు. అద్దె ఇల్లు పాడుచేసినవాణ్ణి ఖాళీ చేయించొచ్చు. అదే, ఆ గోడ అప్పటికే పాడై ఉందని తేలిందనుకోండి, బాగుచేయించాల్సిన బాధ్యత ఇంటాయనది. ఫిర్యాదు చేశారన్న కోపంతో మిమ్మల్ని కదపడానికి కూడా వీల్లేదు. కేసంతా ఆ ఒక్క రోజు మీదే ఉంది," అని ఫోటోలు తీసి చూపించింది. పగులు అంచున కాగితాలు పొరలు పొరలుగా ఊడి వేలాడుతున్నాయి, వాటి మీద ఎండిన సున్నం. "ఈ కాగితాలు ఎవరు అంటించారు బాబాయ్? మీకు తెలుసు. నాకు చెప్పకపోయినా పర్లేదు. అక్కడ అడుగుతారు, అక్కడ చెప్పండి. ఒక్క ముక్క చాలు." ఆయన ఫోటోలు బోర్లించి తిరిగి ఇచ్చేశాడు. ఒక్క ముక్కే. మా ఆవిడ. ఆ రెండు మాటలకి ఇల్లు నిలబడుతుంది. పెళ్ళయిన కొత్తలో చేరిన ఇల్లు, వేరే తాళంచెవి ఎరగని ఇల్లు, ఈ వయసులో ఒంటి మనిషికి ఎవరూ ఇవ్వని ఇల్లు. అద్దెకివ్వండి అని వెళ్తే ముందు అడిగేది ఆడవాళ్ళున్నారా అని. లేరంటే తలుపు సగమే తెరుస్తారు.

ఆ గోడ వంటగదికీ పడకగదికీ మధ్యది. పైవాటా స్నానాలగది గొట్టం లోపలెక్కడో పగిలింది, ఆ నీళ్ళు గోడలోకి దిగేవి, వానలొస్తే డాబా మీది నీళ్ళు కూడా వాటికి తోడయ్యేవి. మొదట అరచేతంత మచ్చ, తరవాత తువ్వాలంత, ఆ తరవాత మచ్చ ఎక్కడ లేదో వెతుక్కోవాల్సి వచ్చింది. రాత్రిళ్ళు పెచ్చులు రాలేవి, పొద్దున లేచేసరికి మంచం కిందంతా పిండి జల్లించినట్టుండేది. పగులు మీద చెయ్యి వేస్తే చేపని పట్టుకున్నట్టు చల్లగా, జారుగా ఉండేది. స్విచ్చిబోర్డు కూడా ఆ గోడకే. ఆయన జీవితమంతా మోటార్లకి రాగి తీగ చుట్టి బతికినవాడు, వైండింగు షాపులో వార్నిషు వాసన ఆయన చొక్కాలకి ఉతికినా పోదు, నీళ్ళూ కరెంటూ ఒక గోడలో కాపురం చేస్తే ఏమవుతుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. వానాకాలం వచ్చిందంటే స్విచ్చి వేస్తే వేలు జిల్లుమనేది. ఆవిడ చెక్క గరిటె తిరగేసి దాని కాడతో స్విచ్చి నొక్కడం అలవాటు చేసుకుంది. ఎవరైనా వస్తే ముందు ఆ గరిటె దాచేది. ఆయన ఇంటాయనకి చెప్పాడు. చెప్పాడంటే గోడకి చెప్పినట్టే. "చూద్దాంలే మెకానిక్కూ, ఈ వానలు తగ్గనీ," అనేవాడు. వానలు తగ్గాక, "ఇప్పుడు తడి లేదుగా," అనేవాడు. అతని తండ్రి ఉన్నప్పుడు ఇలా కాదు. తండ్రి పిసినారే, కానీ పిలిస్తే వచ్చి, గోడ చూసి, తిట్టి, బాగుచేయించేవాడు. కొడుకు తిట్టడు, చెయ్యడు. ఆఖరికి ఆయన మున్సిపాలిటీకి వెళ్ళి ఇళ్ళ తనిఖీ చేసేవాళ్ళ దగ్గర ఫిర్యాదు రాసిచ్చాడు. సొంత చేత్తో రాశాడు, గోడ, నీళ్ళు, కరెంటు, మనుషులు చావొచ్చు, అని నాలుగు ముక్కలు. అక్కడి గుమాస్తా చదివి, "ఇంత కోపంగా రాస్తే ఎలాగండీ," అన్నాడు. "కోపం కాదు, సంగతి," అన్నాడు ఆయన. ఇంటికొచ్చి ఆవిడతో, "రేపు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వస్తాడు, నేను షాపులో ఉంటాను, గోడ చూపించు," అన్నాడు. ఆవిడ అన్నం వడ్డిస్తున్నదల్లా ఆగి, "ఇన్‌స్పెక్టరా?" అంది.

మర్నాడు సాయంత్రం గడపలో కాలు పెట్టేసరికి సున్నం వాసన. పెళ్ళివారొస్తున్నారా అనుకున్నాడు. లోపలికి వెళ్ళి చూస్తే గోడ. గోడ తెల్లగా ఉంది. సున్నంలో నీలిమందు కూడా కలిపినట్టుంది, లేత వెన్నెల రంగు. పగులు లేదు, మచ్చ లేదు, నాచు లేదు. ఆవిడ దాని పక్కన నిలబడి ఉంది, తల దువ్వుకుని, చేతులు కడుక్కున్నా గోళ్ళలో సున్నం మిగిలి, కొత్త కోడల్ని పక్కన నిలబెట్టుకుని చూపిస్తున్న అత్తగారిలాగా. ఆయన షాపుకి వెళ్ళీ వెళ్ళగానే మొదలుపెట్టిందట. నాచంతా అట్లకాడతో గీకేసింది. మైదా జిగురు కాచి, పాత పేపర్లు ముక్కలు చేసి పగుల్లో కూరి, పైన ఒక పొర మీద ఒక పొర అంటించింది. స్టౌ తెచ్చి గోడ ముందు పెట్టి ఆరబెట్టింది. పైవాటావాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆ ఒక్క పూట స్నానాలు మానుకోమని బతిమాలుకుంది, వాళ్ళ పెద్దమ్మాయి, "మా నాన్నకి పండగే ఆంటీ," అని నవ్విందట. అప్పుడు సున్నం వేసింది. ఇదంతా ఆవిడే చెప్పింది, అడక్కుండానే, ఊపిరి తిప్పుకోకుండా. "ఏమన్నాడో తెలుసా?" "ఎవడు?" "ఇన్‌స్పెక్టరు గారు. అద్దె ఇళ్ళల్లో ఇంత శుభ్రమైన ఇల్లు చూళ్ళేదమ్మా అన్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు." "గోడ మీద చెయ్యి వెయ్యలేదూ?" "చొక్కాకి సున్నం అంటుతుందని నేనే దూరంగా నిలబెట్టాను. గదిలో చీకటిగా ఉందంటే లైటు వేశాను." "గరిటెతోనా?" "ఆయన ముందు గరిటేమిటి, బాగుంటుందా? వేలితోనే వేశా. కాస్త జిల్లుమంది. పైకి తెలియనివ్వలేదు." ఆయన సంచీ దించలేదు. "ఎవరు చెయ్యమన్నారే నిన్ను ఈ పని?" అన్నాడు. ఆవిడ మొహంలో నవ్వు వెంటనే పోలేదు, కాసేపు ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే ఉండిపోయింది. "ఇన్‌స్పెక్టరు వస్తాడని మీరేగా చెప్పారు," అంది. "వస్తే?" "వస్తే ఇల్లలా ఉంచుతామా?"

ఆ మాట ఆవిడకి ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకి తెలుసు. ఆయనా ఆవిడా ఒకే ఊరివాళ్ళు, ఒకే బడి, ఆయన రెండు తరగతులు ముందు. ఆ బడికి ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. వస్తున్నాడని కబురు తెలిసిందంటే మాస్టారికి నిద్ర ఉండేది కాదు, పిల్లలకి చదువు ఉండేది కాదు. ఊడవడం, తుడవడం, కిటికీ చువ్వలకి కొబ్బరినూనె పూయడం. కాలు విరిగిన బెంచీని గోడవారన నిలబెట్టి దాని ముందు పొడుగు పిల్లల్ని నిలబెట్టేవాడు. వెనక గోడకి పైనుంచి కిందిదాకా పగులుండేది, దాని మీద ప్రపంచ పటం వేలాడదీసేవాడు. ఆ పటంలో ఏ దేశం ఎక్కడుందో పిల్లలకి తెలియదు గానీ సముద్రం వెనక పగులుందని అందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టరు వచ్చి, కుర్చీలో కూర్చుని, "ఏరా, అంతా బాగుందా?" అనేవాడు. "బాగుందండీ!" అని బడి బడంతా అరిచేది. పుస్తకంలో బాగుందని రాసి వెళ్ళిపోయేవాడు. మాస్టారు చెమట తుడుచుకుని అందరికీ తలా ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. ఆ వానాకాలం కప్పు కారి పలకల మీద పడేది, పలకలు నెత్తిన పెట్టుకుని ఎక్కాలు చదివేవాళ్ళు. కొత్త కప్పెందుకు వేస్తారు, బాగుందని రాసి ఉంటే? ఆయనకి ఆ లెక్క అప్పుడే అర్థమైంది. ఆవిడకి అర్థం కాలేదు. ఆవిడకి బెల్లం ముక్క మాత్రమే గుర్తుంది. అదే బడి, అదే మాస్టారు, ఒకరు ఒకటి నేర్చుకుంటే ఒకరు ఇంకోటి నేర్చుకున్నారు.

మైదా జిగురు ఎంతకాలం ఆగుతుంది, రెండు గట్టి వానలకి పేపర్లు ఉబ్బి, సున్నం పొక్కులు లేచి, పక్షం తిరక్కుండా గోడ మళ్ళీ గోడయింది. పైన పటారం, లోన లొటారం. ఆవిడ ఏమీ అనకుండా మళ్ళీ జిగురు కాచి అంటించేది. మళ్ళీ ఫిర్యాదు చేస్తానంటే మాత్రం చేతులు పట్టుకుంది. "వద్దండీ. మనిషి అంత మెచ్చుకుని వెళ్ళాడు. మళ్ళీ పిలిచి ఇదీ సంగతి అంటే ఏమనుకుంటాడు?" ఏమనుకుంటే ఎవరికి కావాలి, అన్నాడు ఆయన. ఆవిడకి కావాలి. ఆ మెచ్చుకోలు ఆవిడ వీధి చివరి కొట్టువాడికి చెప్పింది, పైవాటావాళ్ళకి చెప్పింది, తమ్ముడికి ఫోను చేసి చెప్పింది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆవిడ ఇంటిపని అలాగే ఉండేది, గ్లాసులో మొహం చూసుకోవచ్చు. కానీ అది ఉండాల్సిన తీరు కాబట్టి ఉంది, దానికి ఎవరైనా నోరు తెరిచి చెప్పేదేముంది? ఆయన చుట్టిన మోటారు తిరిగితే ఎవరైనా వచ్చి మెచ్చుకున్నారా? తిరక్కపోతే తిట్టడానికి వస్తారు. ఆఖరికి ఆవిడ నలతగా ఉందని, ఎడమ చెయ్యి లాగుతోందని అన్నప్పుడు ఆయన మందులషాపు పక్కనున్న డాక్టరుని ఇంటికే తీసుకొచ్చాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే ఆవిడ లేచి, పక్క సర్ది, బట్టలు మార్చుకుని, కుర్చీ వేసింది. "ఏమ్మా, ఏమిటి బాధ?" "ఏం లేదండీ, బాగానే ఉంది. ఈయనకే కంగారు." డాక్టరు నవ్వాడు. నాడి చూసి, టీ తాగి, గాలి నొప్పి అయ్యుంటుందన్నాడు. తరవాతి వారమే ఆవిడ పోయింది. ఆయన ఆ డాక్టరుని ఏమీ అనలేదు. గోడ వేరు, గుండె వేరు. రెండూ కలిపి ఆలోచించే అలవాటు ఆయనకి లేదు.

ఆవిడ పోయినప్పుడు వచ్చినవాళ్ళు ఏం మాట్లాడాలో తెలియక గదిలో కూర్చుంటే బావమరిది మొదలుపెట్టాడు. మా అక్క ఇల్లంటే మాటలా, సాక్షాత్తు ఇన్‌స్పెక్టరే వచ్చి, ఇంత శుభ్రమైన ఇల్లు చూళ్ళేదన్నాడు. ఆ మాట అందరికీ పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరికినట్టయింది. అవును, అవును, అన్నారు. ఆఫీసరే అన్నాడట. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒకరికొకరు చెప్పుకుంటూ వెళ్ళారు. ఒక మనిషి జీవితమంతా చేసిన చాకిరీకి బయటివాళ్ళు ఇచ్చినది ఆ ఒక్క మాటే, దాన్నే నలుగురూ మోశారు. ఇంటాయన కూడా వచ్చాడు పలకరించడానికి. పలకరించి, కళ్ళు తుడుచుకుని, లేవబోతూ గోడ చూశాడు. అప్పటికి జిగురు కాచే చెయ్యి లేదు కాబట్టి గోడ దాని అసలు రంగులో ఉంది. ఆ తరవాతి నెల నోటీసు వచ్చింది, కిరాయిదారుడు ఇంటిని పాడుచేసినందున, అని.

"నమస్కారమండి, పెద్దాయన గారూ." ఆయన తలెత్తాడు. ఇన్‌స్పెక్టరు. ఎన్నడూ చూడకపోయినా చంకలో ఫైలు చూసి పోల్చుకున్నాడు. సాక్ష్యం చెప్పడానికి పిలిచారు కాబోలు. సన్నగా, నున్నగా గీసుకున్న గడ్డంతో, ఎవరితోనూ తగువు పెట్టుకోని మనిషి మొహం. బావమరిది జరిగి బల్ల మీద చోటిచ్చాడు, బల్ల ఇంకోపక్కకి వాలింది. "అమ్మగారు పోయారని ఇప్పుడే తెలిసిందండీ. చాలా బాధేసింది," అన్నాడు. ఆయన తల ఊపాడు. "నేను రోజుకి ఎన్నో ఇళ్ళు చూస్తాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ఏడుపే. ఇది కారుతోంది, అది కూలుతోంది, మా బతుకులింతే, అని. ఆ రోజు అమ్మగారు ఒక్క మాట ఫిర్యాదు చెయ్యలేదు. గ్లాసుడు మంచినీళ్ళిచ్చారు. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను, ఇల్లంటే అలా ఉండాలే, అని. ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు లెండి," అని నవ్వాడు. బావమరిది కూడా నవ్వాడు. "మా అక్కండీ ఆవిడ," అన్నాడు, గొంతు తగ్గించి, మొదటిసారి. "అవునా? అదృష్టవంతులు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. బావమరిది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవతలి వైపు తిరిగి ముక్కు చీదాడు. ఆయన ఇద్దరి మధ్యా నిటారుగా కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు మొహంలో అనుమానం లేదు. ఆ రోజు చెయ్యెత్తి గోడని ఒక్కసారి తట్టి ఉంటే చాలు, బోలుగా మోగేది. తట్టలేదు. శుభ్రమైన ఇంట్లో గోడలు తట్టడం మర్యాద కాదనుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు లేచి వెళ్ళాక లాయరమ్మ వచ్చి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు అలా కూర్చుంటుంది, ఆ పద్ధతి ఎవరు నేర్పారో మంచిదే. "బాబాయ్, ఇంకో దారి కూడా ఉంది," అంది మెల్లిగా. "ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ఇంటాయనకి ముందే తెలుసు. ఆయన మనుషుల్ని పంపి గోడ మూయించాడని మనం అనొచ్చు. ఎక్కువమంది ఇంటి ఓనర్లు చేసే పనే, ఆఫీసరు నమ్ముతారు. మీరు ఔనంటే చాలు." ఆయన ఎదురు బల్ల వైపు చూశాడు. ఇంటాయన ఫోను పెట్టేసి, బూటు లేసు కట్టుకుంటున్నాడు. వంగినప్పుడు నడినెత్తిన బట్టతల కనిపించింది, అచ్చం తండ్రిది. ఈ మనిషి గోడ బాగుచేయించలేదు. వంద మాటలు చెప్పి ఒక్క మేస్త్రీని పంపలేదు. నోటీసు మీద సంతకం పెట్టాడు. కానీ సున్నం వెయ్యలేదు. "అతను చెయ్యలేదు," అన్నాడాయన. "మరెవరు చేశారు బాబాయ్?" ఆ పిల్ల కళ్ళు చురుగ్గా ఉన్నాయి. ఆ పిల్లకి అర్థమైపోయిందని ఆయనకీ అర్థమైంది. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరు, ఫిర్యాదు రాసినవాడు ఒకడు. "మీకు ఇల్లు కావాలా వద్దా?" అంది, అప్పటిదాకా వాడని గొంతుతో. కావాలి. ఎందుకు కాకూడదు. పొద్దున్నే ఎడమ చేత్తో తడిమినా కుళాయి దొరికే ఇల్లు. గొళ్ళెం చప్పుడుని బట్టి వచ్చింది ఎవరో చెప్పగలిగే ఇల్లు. ఇల్లు కావాలి, న్యాయం తన వైపుంది, ఆవిడ చేసింది తప్పు. మూడూ నిజాలే. మూడూ ఒకచోట పెడితే నోరు తెరవాలి. ఈ వరండాలో కాకుండా లోపల, పెద్ద బల్ల ముందు, గుమాస్తా రాసుకుంటుండగా, ఇన్‌స్పెక్టరు వింటుండగా, తమ్ముడు వింటుండగా. మా ఆవిడ పేపర్లు అంటించి మోసం చేసిందండీ. ఆ మాట కాగితం మీదికెక్కుతుంది. ఇన్‌స్పెక్టరు ఇంటికెళ్ళి వాళ్ళావిడతో ఇంకో మాట చెప్తాడు. బాగుందన్న మాట వెనక్కి తీసుకుంటాడు. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే చచ్చినవాళ్ళు ఏం చేస్తారు, మళ్ళీ ఊడ్చుకుంటారా, మళ్ళీ కడుక్కుంటారా?

బంట్రోతు పిలిచాడు. పేరు సగం మింగేసి, సగం అరిచాడు. లోపలి గది చిన్నది, ఫ్యాను పెద్దది. అధికారి కళ్ళజోడు ముక్కు కొసన పెట్టుకుని కాగితాలు తిరగేస్తున్నాడు. ఆ గది గోడ కూడా ఒక మూల ఉబ్బి ఉంది, ఆయన కన్ను అక్కడికే వెళ్ళింది, అలవాటు. ఇన్‌స్పెక్టరు తాను ఏమి చూశాడో చెప్పాడు. తెల్లటి గోడ, పొడిగా ఉంది, లైటు వెలిగింది, ఏ లోపమూ కనిపించలేదు. ఇంటాయన తరఫు లాయరు, చూశారా, అన్నట్టు చేతులు చాచాడు. లాయరమ్మ లేచి, ఫోటోలు ఇచ్చి, ఆ గోడని ఆ రోజుకి ఎవరో కప్పిపెట్టారని, అదెవరో తన కక్షిదారు చెప్తారని అంది. అందరూ ఆయన వైపు తిరిగారు. బావమరిది వెనక బల్ల మీద ముందుకి వంగాడు, చెప్పు బావా, అంటూ గొణిగాడు, ఆ గొణుగుడు కూడా అందరికీ వినిపించింది. ఆయన లేచి నిలబడ్డాడు. మింగలేడు, కక్కలేడు. ఒక్క క్షణం బడిలో నిలబడ్డట్టే ఉంది, ఏరా, అంతా బాగుందా, అని ఎవరో అడుగుతున్నట్టు. బాగుందండీ అని ఆయన అనడు. అబద్ధం ఆయన నోటికి రాదు, ఎవరి కోసమూ రాదు.

"చెప్పండి," అన్నాడు అధికారి.

"ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు ఏం చూశారో అదే రాశారండి," అన్నాడాయన.

"అంటే గోడ బాగానే ఉందంటారా?"

"ఆయన చూసింది ఆయన రాశారు. అందులో తప్పు లేదు."

"మరి ఈ కాగితాలు ఎవరు అంటించారు?"

ఫ్యాను తిరుగుతోంది. దాని బేరింగు పోయింది, ఇంకో ఎండాకాలం ఆగదు. "నేను చెప్పేదేం లేదండి," అన్నాడు. లాయరమ్మ ఆయన్నే చూస్తూ నిలబడి, నెమ్మదిగా కూర్చుంది. అధికారి ఇంకోసారి అడిగాడు, విసుక్కోకుండానే, చెప్పకపోతే ఏమవుతుందో కూడా వివరంగా చెప్పాడు. ఆయనకి వివరాలు అక్కర్లేదు. గుమాస్తా కలం ఆగి, మళ్ళీ కదిలింది. నెలాఖరులోగా ఖాళీ చెయ్యాలి. ఇంటాయన ఎందుకో సంతోషంగా కనిపించలేదు, బయటికి వెళ్తూ ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మానేశాడు. ఇన్‌స్పెక్టరు గుమ్మం దగ్గర ఆగి, గౌరవంగా దారిచ్చాడు. ఆయన తల వంచుకోలేదు. అతని మీద కోపం లేదు. కోపం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, చెక్కు చెదరలేదు. ఆవిడ ఆ పని చెయ్యకపోతే ఇవాళ ఇక్కడికి రావాల్సిన పని లేదు. ఇంకో జన్మ ఉంటే అందులో కూడా ఇదే అడుగుతాడు, ఎవరు చెయ్యమన్నారే నిన్ను. కానీ అడిగేది ఆవిడని. మధ్యలో గుమాస్తాలెందుకు?

బయట మెట్ల మీద ఎండ పడుతోంది. బావమరిది వెనకాలే వచ్చాడు, చెమటలు కక్కుకుంటూ, నోరు చేసుకున్నాడు. "ఏం మనిషివి బావా నువ్వు! అడుగుతుంటే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు నిలబడతావా? ఎవరో వచ్చి గోడ కప్పెట్టారని లాయరమ్మ నెత్తీ నోరూ బాదుకుంటుంటే, చెప్పేదేం లేదంటావా? అంత పొగరేంటి నీకు? మా అక్క ఉండాలి ఇప్పుడు. మా అక్క ఉంటే ఆ కాగితాలు అంటించినవాణ్ణి చొక్కా పట్టుకుని లాక్కొచ్చి ఆఫీసరు ముందు నిలబెట్టేది."

ఆయన మెట్టు మీద ఆగాడు. బావమరిది మొహంలోకి చూశాడు. అక్క ముక్కు, అక్క చుబుకం.

"ఒరేయ్, విను. మీ అక్క మాట గానీ, ఆ గోడ మాట గానీ, ఈ కోర్టు మాట గానీ ఇవాళ్టితో సరి. నేను ఎత్తను. నువ్వు గానీ ఎత్తావో, మళ్ళీ నా గడప తొక్కొద్దు."

"నీకింకా గడపెక్కడుంది బావా?" అన్నాడు బావమరిది, ఏడుపో నవ్వో తెలియకుండా.

"ఎక్కడుంటే అక్కడ," అని ఆయన మెట్లు దిగాడు.